ఆయన తీసుకున్న సెలవు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మైకు పట్టుకోవడం నాకు అలవాటు లేదు, పాస్టరమ్మగారు ఎన్నాళ్లుగానో అడుగుతుంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటూ వచ్చాను, ఇవాళ ఇక వంకలు అయిపోయాయి. నా పేరు మార్తమ్మ. మాది చిలకలూరిపేట పక్క పల్లె. మా ఆయన సుందరరావు అగ్నిమాపక కేంద్రంలో ఫైర్‌మ్యాన్‌గా పనిచేస్తూ పత్తి మిల్లు మంటల్లో చనిపోయారు. ఆ సంగతి మీలో చాలామందికి తెలుసు. ఆ తర్వాత మా ఇంటి మీద పడిన ఒక్క మాట సంగతి మాత్రం తెలియదు, అదే చెబుతాను.

ఆ ఆదివారం మా అమ్మాయి బాప్తిస్మం. అందుకని ఆయన సెలవు పెట్టారు. ఎండాకాలంలో సెలవు పెట్టే మనిషి కాదు, కళ్లాల్లో మిరపకాయలు, మిల్లుల్లో పత్తి ఉన్నన్నాళ్లూ నిప్పుకి ఆదివారం లేదు, నాకూ లేదు అనేవారు. బాప్తిస్మం అయ్యింది, అందరం భోజనాలకి కూర్చున్నాం, సగం అన్నంలో ఉండగా ఫోన్ వచ్చింది. స్టేషన్ ఆఫీసరు గారు. మిల్లు అంటుకుంది, మనుషులు చాలడం లేదు, వెంటనే రమ్మన్నారట. చెయ్యి కడుక్కుని, కూర మూతపెట్టి ఉంచమని నాతో చెప్పి, గుడికి వేసుకున్న తెల్లచొక్కాతోనే బండెక్కారు. రేకుల షెడ్డులో చిక్కుకున్న ఇద్దరు ఆడకూలీలను బయటికి పంపించారు, వాళ్ల వెనకే ఆయన వచ్చేలోపు కప్పు కూలిపోయింది.

దండలు వేశారు, బాకా ఊదారు, కుటుంబాన్ని ఆదుకుంటామన్నారు, నేను నమ్మాను. నెలలు గడిచాక ఆఫీసుకి పిలిచి చెప్పిందేమిటంటే, విధి నిర్వహణలో చనిపోయినవాళ్ల భార్యాబిడ్డలకి ఇచ్చే పరిహారం, పెద్ద పింఛను మాకు రావని. ఎందుకంటే ఆ రోజు హాజరు పట్టీలో ఆయన పేరు ఎదురుగా సెలవు అని ఉంది. ఫోన్ చేసి పిలిచారు కదండీ అంటే, ఫోన్ వచ్చినట్టు తెలుస్తుంది గానీ అందులో ఏం చెప్పారో ఎవరికి తెలుసమ్మా అన్నారు. పిలిచిన ఆఫీసరు గారు అప్పటికే అద్దంకి వైపు బదిలీ అయిపోయారు, నాకు సరిగా గుర్తులేదు అని రాసి పంపించారు. గోరుచుట్టు మీద రోకటి పోటులాగా మిల్లు వాచ్‌మన్ కాశిం సాయిబు గారు పోలీసులకి ఇచ్చిన వాంగ్మూలం ఒకటి. ఆ పెద్దాయన గేటు దగ్గరే ఉండి అంతా చూశారు, మా ఆయన ఎరిగున్న మనిషే. "సెలవు తీసుకుని లోపలికి వెళ్లాడు" అన్నారట.

"కళ్లారా చూసిన సాక్షి కూడా సెలవు అనే చెబుతున్నాడు, మేమేం చేస్తామమ్మా" అన్నారు గుమస్తా గారు.

మామూలు పింఛను వచ్చింది, కాదనను. అద్దెకీ బియ్యానికీ సరిపోయేది. మా అమ్మాయికి నర్సింగులో సీటు వచ్చి కూడా చేరలేకపోయింది, ఇంట్లో కూర్చుని పక్కవాళ్ల పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంది. అంతకంటే నన్ను కాల్చింది జనం మాట. సెలవు రోజున ఎవరు వెళ్లమన్నారు, పెద్ద మొనగాడు అనుకున్నాడా అని బావి దగ్గర చాటుగా కాదు, నా ఎదటే అన్నారు! సహోదరులారా, పత్తిలో నిప్పు పడితే పైకి కనపడదు, లోలోపల రాజుకుంటుంది, నా సంగతీ అంతే అయ్యింది. మందిరానికి వచ్చేదాన్ని, పాటలు పాడేదాన్ని, లోపల మాత్రం దేవుడితో పోట్లాటే. నీ కోసం పెట్టిన సెలవు కదయ్యా, నీ మందిరానికి వద్దామని పెట్టిన సెలవే మా మెడకి ఉరితాడు చేశావే అని అడిగేదాన్ని. ఒకరోజు ఇల్లు ఊడుస్తూ చీపురు పక్కన పడేసి ఇలా ప్రార్థించాను:

"ప్రభువా, పెద్ద ప్రార్థనలు నాకు రావు. సెలవు అన్న ఆ ఒక్క మాట తీసెయ్యి. ఇంకేం అడగను."

ఆ వారంలోనే కాశిం సాయిబు గారు మా ఇంటికి వచ్చారు, చేలో కాసిన పచ్చిమిరపకాయలు సంచిలో పట్టుకుని. అంతకుముందూ వచ్చేవారు, ఆ వాంగ్మూలం సంగతి తెలిశాక నేనే ముభావంగా ఉండేదాన్ని. ఆ రోజూ మంచినీళ్లిచ్చి ఊరుకున్నాను. అమ్మాయి ఏం చేస్తోందని అడిగారు, కాసేపు కూర్చున్నారు, తువ్వాలు భుజాన వేసుకుని లేచారు.

"పొద్దెక్కింది తల్లీ, సెలవిప్పిస్తే వెళ్తాను" అన్నారు.

గుమ్మంలో ఆయనకి అడ్డం వచ్చాను. మీరు ఇప్పుడేమన్నారు తాతా అని అడిగాను. వెళ్తానన్నానమ్మా అన్నారు. కాదు, సెలవు అన్నారు కదా, మరి ఆ రోజు ఆయన సెలవు తీసుకున్నారని చెప్పింది ఏ సెలవు అన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు.

"ఏ సెలవేందమ్మా, వాళ్ల ఆఫీసరు దగ్గర! లోపల ఇద్దరున్నారు సార్, వెళ్తానని అడిగాడు. ఆయన తలూపి తాడు చేతికిచ్చాడు. పెద్దోళ్లకి చెప్పకుండా అడుగేసే మనిషా మీ ఆయన?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందో చెప్పలేను. ఆ పెద్దాయన మర్యాదగా అన్న మాటని ఆఫీసుల్లో హాజరు పట్టీ మాటగా చదువుకున్నారు, వాళ్లనే ఏం అంటాను, ఊళ్లో పుట్టి పెరిగిన నేనూ అలాగే చదువుకున్నాను!

మళ్లీ అర్జీ పెట్టాను. తిప్పారు, తిరిగాను. చివరికి గుంటూరు నుంచి ఒక అధికారిణి విచారణకి వచ్చారు, పాత ఆఫీసరు గారినీ పిలిపించారు. కాశిం సాయిబు గారు చేతికర్ర ఊతగా పట్టుకుని నిలబడి, నాకు చెప్పిన మాటే చెప్పి, ఈ బాబు దగ్గరేనండి ఆయన సెలవు తీసుకుంది అని చూపించారు. ఆ ఆఫీసరు గారు లేచి నిలబడి ఒప్పుకున్నారు.

"అవును మేడమ్, పిలిచింది నేనే, వెళ్లమన్నదీ నేనే. సెలవులో ఉన్నవాణ్ణి నోటిమాటతో పిలిచానని నా మీదికి వస్తుందని భయపడ్డాను."

ఆయన్ని అనాలని నేను దాచిపెట్టుకున్న మాటలన్నీ దేవుడి పాదాల దగ్గరే వదిలేశాను. విధి నిర్వహణలో మరణం అని ఉత్తర్వు వచ్చింది. రావాల్సినవి వచ్చాయి. మా అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది, అదిగో వెనక వరసలో కూర్చుంది, నేను ఏడుస్తానేమోనని చూస్తోంది. పరిహారం వస్తే మనిషి వచ్చినట్టు కాదు, ఆ సంగతి దాచను. కానీ ఆయన ఎవరూ పిలవకుండా పోయి చనిపోలేదని నా బిడ్డకి తెలిసింది. దేవునికే మహిమ!

చూడండి, ఆ మాట తీసెయ్యమని నేను అడిగాను. దేవుడు తీసెయ్యలేదు, దాని అర్థం చెప్పించాడు, మమ్మల్ని ముంచిన మాటతోనే ఒడ్డున వేశాడు. మీలో ఎవరి ఇంటి మీదైనా ఇలాంటి మాట పడి ఉంటే ప్రార్థన మానకండి, ఆఫీసు మెట్లెక్కడమూ మానకండి, ఇంటికొచ్చిన మనిషితో ముభావంగా ఉండకండి. ఎవరి నోట దేవుడు జవాబు పంపుతాడో మనకి తెలియదు. ఆయన్ని నమ్మండి.

ఒకప్పుడు ఈ మాట వింటే ఒళ్లు మండేది. ఇవాళ నేనే అంటున్నాను. మా ఆయన ఆ రోజు తీసుకున్న సెలవే, పెద్దలైన మీ దగ్గర నేనూ తీసుకుంటున్నాను. ఆమెన్.