మా సార్ చెవులూ, నేను కొన్న ఫంక్షన్ జనరేటరూ

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. ఒకటి, వచ్చే నోటిఫికేషన్‌లో నాకు ప్రభుత్వోద్యోగం ఖాయమని. రెండోది, మా సార్ చెవులు పొరపాటు పడవని. మొదటిదాని గురించి ఇప్పుడు మాట్లాడటానికేమీ లేదు. రెండోదాన్ని కాపాడటానికి మాత్రం నేను ఒక మంచి మిషన్ మీద అన్యాయంగా నింద వేశాను.

అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి పరీక్షలకు చదువుతూ, చిక్కడపల్లిలో ఒక యాంప్లిఫయర్ రిపేరు షాపులో పనిచేసేవాడిని. (ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ఉంది గనుక నాకు పని వచ్చునని అనుకునేవాడిని. మా సార్ ఆ మాటను కాదనలేదు, ఔననీ అనలేదు.) ఆయనకు అరవై దాటాయి. మీటరు ముట్టుకోకుండానే, స్పీకరు దగ్గర చెవి పెట్టి కళ్లు మూసుకుని, ఏ భాగం పోయిందో చెప్పేవారు. విప్పి చూస్తే అదే పోయి ఉండేది. అందుకే ముషీరాబాద్ నుంచి హైదర్‌గూడ దాకా మైకుల వాళ్లంతా ఆయన్ను చెవుల సార్ అనేవారు.

అలాంటి మనిషి దగ్గరికి దోమలగూడలో నాట్యం నేర్పే టీచరమ్మ ఒకావిడ తన యాంప్లిఫయర్ తెచ్చింది. అది వేసినప్పుడల్లా సన్నగా కూత వస్తోందని పిల్లలు చెవులు మూసుకుంటున్నారట. ఆమెకైతే ఏమీ వినిపించడం లేదు. సార్ విన్నారు, ఏమీ లేదన్నారు, పిల్లలు ప్రాక్టీసు ఎగ్గొట్టడానికి చెబుతున్నారని తేల్చేశారు. పిల్లలకు చీవాట్లు పడ్డాయి. అయినా కూత మానలేదు. మూడోసారి వచ్చినప్పుడు టీచరమ్మ, ఈసారీ కాకపోతే వేరే షాపులో చూపించుకుంటానని మెత్తగానే చెప్పి వెళ్లింది. ఆ పూట సార్ అన్నం సరిగా తినలేదు. నిజం చెప్పాలంటే ఆ కూత నాకు వినిపిస్తూనే ఉంది. కానీ చెవుల సార్‌కు వినిపించనిది నాకు వినిపించిందంటే లోపం నా తలకాయలోనే ఉండాలని సరిపెట్టుకున్నాను.

ఫంక్షన్ జనరేటర్ కొందామని సలహా ఇచ్చింది నేనే. మనం అడిగిన ఆకారంలో, అడిగినంత వేగంతో కరెంటు అలల్ని పుట్టించే డబ్బా అది. ఆ అలను యాంప్లిఫయర్‌లోకి పంపితే ఎక్కడ తేడా వస్తోందో పట్టుకోవచ్చు. మూడు రోజులు మిషన్ల ధరల పుస్తకంలో గీతలు కొట్టి, సెకనుకు రెండున్నర కోట్ల అలలు పుట్టించేదాన్ని ఎంచాను. ఎందుకంటే అందులో అంకె పెద్దది. నారాయణగూడ షాపులో కౌంటరు దగ్గరున్న అక్క నా చీటీ చూసి, దేనికి వాడతారని అడిగింది. సౌండు డబ్బాలకన్నాను. మనిషి చెవి సెకనుకు ఇరవై వేల అలల దగ్గరే ఆగిపోతుందని, మాకు కావాల్సింది పెద్ద అంకె కాదని ఓపిగ్గా చెప్పింది. అల వంకర లేకుండా నున్నగా రావాలి, యాంప్లిఫయర్ కాలిపోకుండా బాగా చిన్న వోల్టేజీకి దిగగలగాలి, అంతే. చిన్నదే కొన్నాను గానీ మనసొప్పలేదు.

సార్ భార్య దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. (నీళ్లు మిషన్ మీద పడకుండా నేను అడ్డంగా నిలబడ్డాను.) ముందు మంచి యాంప్లిఫయర్‌కు తగిలించాం. వినిపించినంతసేపు చెయ్యి ఎత్తి ఉంచుతానని సార్ కళ్లు మూసుకున్నారు. నేను సెకనుకు వెయ్యి అలల నుంచి మెల్లగా పెంచాను, పెంచేకొద్దీ శబ్దం సన్నబడింది. ఆరు వేల దగ్గర చెయ్యి దిగింది. "ఆగిపాయె. గింతేనా దీని దమ్ము?" అన్నారు. నాకింకా వినిపిస్తూనే ఉంది. అయినా మిషన్ ఆగిపోయిందనీ, మిగిలింది నా చెవుల్లో హోరనీ నమ్మాను. చిన్నది కొంటే ఇలాగే ఉంటుందని లోలోపల కాస్త సంతోషించాను కూడా.

డబ్బా పట్టుకుని నారాయణగూడ వెళ్లి అక్క మీద కేకలేశాను. ఆమె దాన్ని, అలల్ని గీసి చూపే ఆసిల్లోస్కోపుకు తగిలించింది. తెర మీద అల ఇరవై వేలు దాటినా చెదరలేదు. స్పీకరు పెట్టింది. నాకు పదిహేను వేల దాకా స్పష్టంగా వినిపించింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది, "మీ సార్‌కు ఎన్నేండ్లుంటయ్ తమ్మీ?"

డబ్బా చంకలో పెట్టుకుని చిక్కడపల్లి దాకా నడిచాను. నాకు భయమేసింది. చెవుల సార్‌కు చెవులు లేవంటే ఇక ఆయనకు మిగిలేదేమిటి?

నారాయణగూడలో దీని దమ్ము ఇంతేనన్నారని సార్‌తో అబద్ధం చెప్పాను. సార్ మిషన్ తన ముందుకు లాక్కుని, ఈసారి నన్ను చెయ్యి ఎత్తమన్నారు. నేను అంకె మీదే కన్నేసి, సరిగ్గా ఆరు వేల దగ్గర చెయ్యి దించాను. ఆయన ఆపలేదు. తొమ్మిది, పన్నెండు, పద్నాలుగు వేలు.

"చెయ్యి ఎప్పుడో దించినవ్. మరి మొఖం గట్ల ముడుస్తున్నవేంది బేటా?"

టీచరమ్మ డబ్బాలో కూత కూడా వినిపించిందా అని అడిగారు. మొదటి రోజు నుంచీ వినిపిస్తోందని ఒప్పుకున్నాను. ఆయన తన గురించి ఒక్క ముక్క అనలేదు. "ఆ పిల్లలను అబద్ధాలకోర్లను చేసిన గద," అన్నారు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

తర్వాత పని త్వరగానే అయింది. జనరేటర్ శబ్దాన్ని ఆ కూతతో కలిసేదాకా తిప్పి, పదకొండు వేలన్నాను. సార్ ఒక్క క్షణం ఆలోచించి, స్క్రూడ్రైవర్ మొనతో ఒక కెపాసిటర్ చూపించారు. అది మార్చగానే కూత పోయింది. దోమలగూడకు డబ్బా ఆయనే స్వయంగా తీసుకెళ్లి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, మీరే నిజం చెప్పారు, తప్పు నాది అన్నారు. తిరిగొచ్చేటప్పుడు నాతో, "ఆరు వేల దాక నేను వింట. ఆ పైన నువ్వు విను. మల్ల మొహమాటపడ్డవంటే పనిల నుంచి తీసేస్త," అన్నారు. అలా ఇద్దరం కలిసి చాలా ఏళ్లు ఒక మంచి చెవిగా బతికాం.

ఇప్పుడు ఆ షాపు నేనే నడుపుతున్నాను. మొన్న కొత్త జనరేటర్ కొని, తలుపు దగ్గరికి వేసుకుని ఒక్కణ్ణే కూర్చుని తిప్పాను. పదకొండు వేలు దాటేసరికి నిశ్శబ్దం. ఇంత చూసినవాణ్ణి, ఇంత తెలిసినవాణ్ణి, ముందు చేసిన పనేమిటంటే, వైరు వదులైందేమోనని పీకి మళ్లీ గట్టిగా గుచ్చడం.