ముందు మాట్లాడిన పిల్ల ఏం చెప్పింది?

మంగళవారం పొద్దున నారాయణగూడ చౌరస్తాలో ఆటో కోసం నిలబడి ఉండగా ఫోను మోగింది. మా సోషల్ టీచరు గారి చెల్లెలు. మామూలుగా ఆవిడ మా ఇంట్లో అందరి క్షేమం అడిగాక గానీ అసలు సంగతికి రారు. ఆ రోజు ఏమీ అడగలేదు. "అక్క పోయిందమ్మా. చాయ్ ఇద్దామని లేపితే లేవలే" అన్నారు.

ఎనభై దాటిన మనిషి. మంచం పట్టలేదు, ఆసుపత్రి మొహం చూడలేదు. అదృష్టవంతురాలు అన్నారు అందరూ. నాకు మాత్రం ఆటో ఎక్కాలో ఇంటికి వెళ్ళాలో తోచక అక్కడే నిలబడిపోయాను. ఆటో అతను రెండోసారి "అక్కా, ఎక్కుతవా లేదా?" అన్నాక అశోక్‌నగర్ అన్నాను, టీచరు గారింటికి.

బడి పిల్లలకు డిబేట్ నేర్పించడం నా పని. ఏ స్కూల్లోనూ ఉద్యోగం కాదు, నా సొంతం. ఈ మాట చెప్తే మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ "అంటే, కొట్లాట నేర్పిస్తావా?" అంటారు. నేను ఈ పనిలోకి దిగడానికీ, దిగాక మునిగిపోకుండా ఉండడానికీ కారణం టీచరు గారే. మధ్యలో ఒకసారి నలుగురిలో నా పరువు తీసిందీ ఆవిడే.

తొమ్మిదో తరగతిలో ఆవిడ మాకు సోషల్ చెప్పారు. మా నాన్న ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారు. దాంతో నేను నోరు తెరిస్తే చాలు, నా యాసకు క్లాసంతా నవ్వేది. టీచరు గారు నవ్వేవారు కాదు, తిట్టేవారు కూడా కాదు. "నవ్వినోళ్ళు లేవుండ్రి. ఆమె ఏం చెప్పిందో చెప్పుండ్రి" అనేవారు. ఒక్కళ్ళూ చెప్పలేకపోయేవాళ్ళు. వాళ్ళు తెల్లమొహాలు వేస్తుంటే నాకు పండగగా ఉండేది. అదే ప్రశ్న పాతికేళ్ళ తర్వాత నా మీదకే వస్తుందని అప్పుడు తెలీదు.

పదేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. పోటీలకు పిల్లల్ని తయారుచేసే బాధ్యత కూడా నాదే. కప్పు తెచ్చే నలుగురికి నేర్పితే చాలంటారు స్కూలు యాజమాన్యం వాళ్ళు. అడిగిన ప్రతివాళ్ళకూ నేర్పుతానంటాను నేను. నాకసలే ముక్కు మీద కోపం. ఒకరోజు మానేసి, తిన్నగా అశోక్‌నగర్‌లో టీచరు గారింటికి వెళ్ళాను.

"నౌకరి ఇడిచిపెట్టినవ్, సరే. పిల్లలు ఏరి?" అన్నారు.

"ఇంకా ఎవరూ లేరండీ."

"కూసునేటందుకు జాగ?"

"అదీ లేదు."

"మా ముందర రూం ఉన్నది గదా. పా, సోఫా జరుపుదాం" అని అప్పుడే లేచారు.

అలా మొదలైంది. వీధి నిండా పోటీ పరీక్షలకు చదివేవాళ్ళు, లోపల మా ఆరుగురు పిల్లలు. ఆదివారం పదకొండింటికి చెల్లెలు గారు వంటింట్లో కుక్కర్ పెట్టేవారు. విజిల్ వస్తే అటు వాదించేవాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు మారిపోవాలని టీచరు గారు నియమం పెట్టారు. ఫోన్లో టైమర్ ఉందండీ అంటే, "కుక్కర్ ఎవ్వరి మాట ఇనది. అదే మంచిగుంటది" అన్నారు. ఒకసారి గ్యాస్ అయిపోయిన సంగతి ఎవరూ చూసుకోలేదు. పాపం ఒక పిల్ల తనకు నచ్చని పక్షాన్నే అరగంట పైన వాదించింది. చివరికి అదే నచ్చిందని ఇంటికెళ్ళింది.

ఇంగ్లీషులో మాట్లాడించండి, ఇంగ్లీషులోనే, అని తల్లిదండ్రుల గోల. ఆవిడ మాత్రం "ముందుగాల తెలుగుల కొట్లాడనియ్యి. కొట్లాడుడు వస్తే భాష అదే ఎంబడి వస్తది" అనేవారు. వినడానికి బాగానే ఉండేది కానీ, ఆరుగురు ఏడుగురు కాకపోతుంటే నాకు నిద్ర పట్టేది కాదు.

మూడో నెలలో తల్లిదండ్రులందరినీ పిలిచాను. ఈ ఒక్కరోజు గట్టెక్కితే పిల్లలు పెరుగుతారు, లేకపోతే మళ్ళీ ఏదో ఒక స్కూలుకు దరఖాస్తు పెట్టుకోవడమే. ఆ భయంతో చేయకూడని పని చేశాను. ఆదివారం ట్యూషన్ ఉండాలా వద్దా అన్న విషయం మీద ఆరు ఉపన్యాసాలు నేనే రాసి, పిల్లల చేత బట్టీ పట్టించాను. పిల్లలు గడగడా అప్పజెప్పారు. చప్పట్లే చప్పట్లు. అప్పుడు వెనక కుర్చీలోంచి టీచరు గారు, చివర మాట్లాడిన ఆరో తరగతి పిల్లను పిలిచి, "మంచిగ చెప్పినవ్ బిడ్డా. నీకంటె ముందు మాట్లాడిన పిల్ల ఏం చెప్పింది?" అని అడిగారు.

ఆ పిల్ల నా వైపు చూసింది. తర్వాత చేతులు కట్టుకుని తన ఉపన్యాసమే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. ఎవరో నవ్వారు. పిల్ల ఏడ్చేసింది. ఆ వారంలోనే ఇద్దరు మానేశారు.

నేను టీచరు గారి ఫోను ఎత్తలేదు. నాలుగో రోజు సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో, లిఫ్టు లేని మా మూడో అంతస్తుకి, చేతిలో నాలుగు జామకాయలతో ఆవిడే వచ్చారు. ఆయాసం తగ్గాక నోరు విప్పారు.

"అందరి ముంగట అడుగుడు నా తప్పు. ఆ పిల్ల ఇంటికి బోయి చెప్పొచ్చిన, నీకు గూడ చెప్తున్న" అన్నారు. మళ్ళీ తనే, "అడిగిన మాట అయితే తప్పు గాదు. నువ్వు రాసింది మంచిగనే ఉన్నది. కని ఆళ్ళ నోట్లె అన్ని నీ మాటలే. ఆళ్ళయి ఏడికి పోయినయ్?" అన్నారు.

ఉప్పూ కారం తెచ్చి జామకాయలు కోశాను.

తర్వాతి ఆదివారం కాగితాలు లేకుండా కూర్చున్నాం. మిగిలిన నలుగురూ గోడలు చూస్తూ కూర్చున్నారు. నేనే ఒక మాట అందించబోయాను. "ఊకోనియ్యి. నోరు తెర్సుటానికి జర టైం పడ్తది" అన్నారు ఆవిడ. నిజంగానే టైం పట్టింది, ఆ ఒక్కరోజు కాదు, రెండు మూడు నెలలు. ఇప్పుడు మూడు బ్యాచీలు, ఒకటి నారాయణగూడలో. మానేసిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు. నా పని నాకు ఇష్టంగా ఉంది. ఈ మాట ఆవిడ బతికుండగానే ఆవిడతో చెప్పగలిగాను, అది చాలా తృప్తి.

మొన్న ఆదివారం క్లాసు పెట్టమంటారా అని చెల్లెలు గారిని అడిగితే, "పెట్టమ్మా. సప్పుడు లేకుంటె ఇల్లు బుగులైతున్నది" అన్నారు. టీచరు గారి గురించి పిల్లల చేత చదివిద్దామని రెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. అవును, మళ్ళీ రాశాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మచ్చుకు మొదటి వాక్యం నేనే చదివాను, టీచరు గారికి ఓపిక చాలా ఎక్కువ అని.

"మేడం, నేను ఒప్పుకోను" అంది, ఈ మధ్యే చేరిన ఏడో తరగతి అమ్మాయి. "ఫస్ట్ డే నేను మధ్యల ఆగిపోయిన కదా. టీచరమ్మ నా దిక్కు చూడనే లేదు. కిటికీ దిక్కు తిరిగింది."

పక్క పిల్ల లేచింది. "అంటే, ఓపిక లేకనే మొఖం తిప్పుకున్నదంటవ్. అంతే గదా?"

"ఆఁ, అంతే."

"కాదు. చూస్తే నువ్వు ఇంక భయపడ్తవని తిప్పుకున్నది."

ఇద్దరూ నా వైపు చూశారు. ఏది నిజమో నాకూ తెలీదు. అడుగుదామంటే ఆవిడ లేరు. మీరే తేల్చుకోండన్నాను. నా రెండు పేజీల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

గంట దాటినా తేలలేదు. మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ కూడా వాదన ఆపలేదు. ఏడో తరగతి అమ్మాయి చేతులు తిప్పుతూ, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి పక్క పిల్ల చెప్పు వేసుకుని, చూసుకోకుండా సందు చివరిదాకా వెళ్ళిపోయింది. ఆ చెప్పు తాలూకు పిల్ల ఒంటికాలి మీద గెంతుతూ వెనకాలే వెళ్తోంది. చెప్పు ఇమ్మని అడగడం లేదు, జవాబు చెప్తోంది.