తలుపు ముందు చదివిన లేఖ

నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. అప్పటికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. ఆ కాస్త చదువే నా కాపురం మీదికి తెచ్చింది. నా భార్య యాదమ్మ శనివారాలు ఉపవాసముండి, నోటుబుక్కులో స్వామికి ఉత్తరం రాసుకుంటుంది. చుట్టాలంతా ఉండగా దాన్ని తీసి, "మా ఆమె ఎవరికో ప్రేమలేఖ రాసింది, ఇనుండ్రి" అని నవ్విస్తూ చదివాను. తెల్లారేసరికి ఆమె హాలియా దగ్గరున్న పుట్టింటికి వెళ్లిపోయింది. రెండు నెలలు ఫోన్ ఎత్తలేదు. ఆ ఊరి గుడిలో ప్రణయ కలహోత్సవం ఉందని, ఆమె తప్పకుండా వస్తుందని తెలిసి బయలుదేరాను.

జడ్చర్లలో పొద్దున ఐదున్నరకు బస్సు. కల్వకుర్తిలో ఇడ్లీ, చాయ్. దేవరకొండలో బస్సు మారాను. పక్క సీటు అవ్వ, "యాడికి బిడ్డా?" అని అడిగింది. అలిగిపోయిన భార్యను తెచ్చుకోవడానికని చెప్పాను.

"ఆడోళ్లకు ఎన్నిసార్లు పుట్టింటికి పోయినా బస్సు ఫ్రీనే. తెచ్చుకునేటోనికే కిరాయి. జర నోరు దగ్గర పెట్టుకో" అంది.

పది దాటాక హాలియాలో దిగి, ఆటోలో ఊరు చేరాను. అక్కడి రివాజు ఇది: వేటకు పోయి ఆలస్యంగా వచ్చిన స్వామిని అమ్మవారు లోపలికి రానివ్వదు. ఆడవాళ్లంతా అమ్మవారితో తలుపు వెనక, మగవాళ్లంతా స్వామి పల్లకి పక్కన నిలబడతారు. స్వామి అమ్మవారికి రాసిన లేఖను అర్చకుడు పాత తాటాకుల్లోంచి చదువుతాడు. కాకతీయుల నాటిదని ఊరివాళ్ల నమ్మకం. ప్రతి వాక్యానికీ మగవాళ్లు "తప్పు నాదే" అనాలి.

"నీ అలక న్యాయమే. నీ వాకిలి విడిచి పోను" అని అర్చకుడు చదివాడు.

అందరూ "తప్పు నాదే" అన్నారు. సిగ్గేసి నేను ఊరికే పెదవులు కదిపాను.

తలుపు సందులోంచి యాదమ్మ గొంతు వినిపించింది: "అయ్యగారూ, గా నీలం అంగీ ఆయన నోరు తెరుస్తలేడు. ఒక్కనితోని చెప్పియ్యుండ్రి."

అందరూ నవ్వారు. నవ్వించడమే తప్ప నవ్వులపాలు కావడం నాకు కొత్త. ఒక్కణ్నే గట్టిగా చెప్పాను. తలుపు తెరుచుకుంది.

పులిహోర ప్రసాదం తిన్నాక యాదమ్మ సంచితో వచ్చి, "బస్సు ఎన్నిటికి?" అంది.

ఒంటిగంట బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాను. ఈ ఉత్సవానికి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్కరోజు చాలు, చీకటి పడేలోపు ఇల్లు చేరొచ్చు. గొంతు మాత్రం బాగుండాలి.

దేవరకొండ దాటాక నా నోరు ఊరుకోలేదు. "స్వామి ఉత్తరం గూడ అందరి ముంగటనే చదివిండ్రు గద. నేను చదివితేనే తప్పా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పకుండానే అంది: "స్వామి తన ఉత్తరం చదివిచ్చుకుండు. నువ్వు నాది చదివినవ్."