వొడిలో తొమ్మిది వందల తులాలు

ఈ ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు, మొహం కడుక్కుని వచ్చి, మా అమ్మాయి కొనిపెట్టిన గాజు పలక కాంటా మీద నిలబడ్డాను. యాభై ఎనిమిది పాయింట్ మూడు అని చూపించింది. ఆ అంకె అక్కడితో ఆగదు. నా ఫోనులోకి పోతుంది, అక్కడి నుంచి ఖమ్మంలో ఉన్న మా అమ్మాయి ఫోనులోకి పోతుంది. పోయిన నెలకంటే తగ్గానని ఒక పచ్చ గీత కిందికి దిగి, దాని పక్కన చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ వస్తుంది. తగ్గాలని నేను అనుకోలేదు. మా ఇంటావిడ పోయాక ఇది రెండో వానాకాలం, ఒక్కడికి ఎంత బియ్యం పోయాలో నాకింకా కుదరడం లేదు. తగ్గాలనుకునే మనిషెవరో, ఊరికే తగ్గిపోతున్న మనిషెవరో ఆ పలకకు తెలియదు. అయినా ఈ రోజు ఆ చప్పట్ల బొమ్మ చూసి నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఒకప్పుడు మా వీధి వీధంతా బజారులో నిలబడి, మా ఇంటావిడ బరువు తగ్గినందుకు నిజంగానే చప్పట్లు కొట్టింది.

అది రెండువేల ఆరులో జరిగిన మేడారం జాతరకు ముందటి సంగతి. మేము మణుగూరు దగ్గర బొగ్గు గని కాలనీలో ఉండేవాళ్ళం. నేను బొగ్గు లారీలు తూచే కాంటా దగ్గర గుమాస్తాను. లారీ ఎక్కుతుంది, గదిలో అంకె వెలుగుతుంది, రాసుకుంటాం, దిగుతుంది. రోజంతా టన్నుల్లోనే ఆలోచించే ఉద్యోగం. ఇరవై కిలోల లోపు తేడా మా కాంటాకు తేడా కిందే లెక్క కాదు, డ్రైవరు దిగి బీడీ కాల్చుకుంటున్నాడా, క్యాబిన్లో కూర్చున్నాడా అన్నది కూడా మేము పట్టించుకునేవాళ్ళం కాదు.

జాతరకు ముందటి వానాకాలంలో మా ఇంటావిడకు బొడ్డు దగ్గర ఉబ్బు కనిపించి భద్రాచలం తీసుకుపోతే, సర్జను హెర్నియా అన్నాడు. ఆపరేషన్ చెయ్యాలి, కానీ ఎనభై రెండు కిలోల మనిషికి ఇప్పుడే చేస్తే కుట్లు నిలవవు, ఎనిమిది కిలోలు తగ్గించుకుని రమ్మన్నాడు. ఈలోగా పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని, బరువులెత్తొద్దని కూడా చెప్పాడు. గోదావరి వంతెన దాటుతున్నంతసేపు ఆమె బస్సు కిటికీలోంచి నీళ్ళ వంకే చూసింది. మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

మరునాటి నుంచి జొన్నరొట్టె, ఆకుకూర, సాయంత్రం కాలనీ చుట్టూ నడక. నెల తిరిగాక చూస్తే తగ్గింది కిలోన్నర. ఆమె నీరుగారిపోయింది. కిలోన్నర అంటే ఆమె కళ్ళకు కనిపించింది కిరాణా కొట్టులో కాగితంలో కట్టిచ్చే కందిపప్పు పొట్లం, దాని కోసం నెలంతా కడుపు మాడ్చుకున్నానా అని. నేను ధైర్యం చెప్పబోయి, మా కాంటా మీదైతే కిలోన్నర లెక్కకే రాదు, ఇంకా చాలా టైముంది అన్నాను. ఆమె చేతిలో గరిట ఆపి నా వైపు తిరిగింది.

"నేను లారీనా అయ్యా?"

ఆ మాటకు గోడ అవతల పగలబడి నవ్విన మనిషి మా పక్క క్వార్టరు అక్క. కాలనీ దవాఖానాలో నర్సు. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టి చర్చికి పోయేది, మిగతా ఆరు రోజులూ వీధిలో అందరి రోగాలూ తనవే అన్నట్టు తిరిగేది. అక్క గోడ దగ్గరికి వచ్చి, పప్పులెక్క ఎందుకే చెల్లె, ఆడదానివి ఆడలెక్క చెయ్యి అంది. బంగారం షాపులో తులమంటే పది గ్రాములు కదా.

"కిలోన్నర అంటే నూటయాభై తులాలు పిల్లా! ఏ దొర ఇంట్ల ఉన్నది గంత?"

ఆ సాయంత్రం ఆమె ముఖం మారడం నేను చూశాను. పోయింది అదే, ఆ కాస్త కొవ్వే, ఒక్క గ్రాము పెరగలేదు, తరగలేదు. కానీ కిలోన్నర తగ్గిన మనిషి తలవంచుకుని కూర్చుంది, నూటయాభై తులాలు తగ్గిన మనిషి లేచి చెప్పులేసుకుని నడకకు పోయింది. నేను పుస్తకాలు చదివే అలవాటున్నవాణ్ణి, మనిషిని ఉత్సాహపరచడం గురించి చాలా చోట్ల చదివాను, ఇంత త్వరగా పనిచేసిన మాట ఎక్కడా చూడలేదు.

అక్కడి నుంచి మా వీధికి అదొక పండగైంది. దవాఖానాలో గుండు జరిపి తూచే కాంటా ఉండేది, ఒక్క గీత జరిగితే వంద గ్రాములు, అంటే పది తులాలు. సోమవారం సోమవారం అక్క డ్యూటీ దిగే వేళకు ఆమె వెళ్ళి తూచుకుని వచ్చేది, ఆమె వీధి మలుపు తిరగకముందే గుమ్మాల్లోంచి "ఇయ్యాల ఎన్ని తులాలు?" అని అడిగేవాళ్ళు. వేళ్ళతో చూపించేది. ఒక సోమవారం రెండు చేతులూ ఎత్తి పదివేళ్ళూ చూపిస్తే, వంద తులాలని ఎదురింటి పెద్దమ్మ ఈల వేసింది. ఆమె ఈల వెయ్యగలదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఈ తులాల లెక్కే మా కొంప మీదికి తెచ్చింది. నేలకొండపల్లి నుంచి మా అత్తగారి దూరపు చుట్టం ఒకాయన మా వైపు ఏదో పని మీద వచ్చి, నల్లా దగ్గర ఆడవాళ్ళ మాటలు విన్నాడు. ఫలానావాళ్ళింట్లో మూడు వందల తులాలు పోయినయట అన్న మాట ఆయన చెవిన పడింది. ఆయన నేరుగా ఊరికి పోయి మా అత్తగారికి చెప్పాడు. మరునాడు మొదటి బస్సుకే ఆవిడ దిగింది. వాకిట్లోనే కూలబడి, బిడ్డ ఒంటి మీద పుస్తెలతాడు ఉందా లేదా అని తడిమి చూసి, నా వైపు తిరిగి అసలు ప్రశ్న అడిగింది.

"అల్లుడా, గంత బంగారం మీకెక్కడిది? నాకొక్క ముక్క చెప్పకపోతిరి!"

సంగతి తెలిసి వీధంతా పడి పడి నవ్వింది, ఆవిడ కూడా నవ్వింది, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగిపోయింది. అయితే పోయింది నీ ఒళ్ళా బిడ్డా, అంది.

బిడ్డకు ఆపరేషన్ అని తెలిసిన రోజే ఆవిడ సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం మొక్కింది. మా వైపువాళ్ళకు చెప్పనక్కర్లేదు, జాతరలో తల్లికిచ్చే బెల్లాన్నే బంగారం అంటాం. మనిషిని తరాజులో ఒక పక్క కూర్చోబెట్టి, రెండో పక్క ఆ బరువుకు సరిపడా బెల్లం పేర్చి, ఆ బెల్లాన్ని గద్దెల దగ్గర సమర్పించడం. మొక్కినప్పుడు బిడ్డ ఎనభై రెండు కిలోలు. జాతర మాఘమాసంలో. ఈలోపు బిడ్డ తరిగిపోతే తల్లికిచ్చే బంగారం కూడా తరిగిపోతుంది.

"తల్లికి తూకంల తక్కువ చేస్తమా? మొక్కు తీరినంకనే తగ్గు బిడ్డా."

నేను సర్జను మాట చెప్పాను, పేగు ఇరుక్కోవడం గురించి చెప్పాను. తల్లికి కోపం వస్తే సర్జను చెయ్యి పనిచేస్తుందా అని ఆవిడ నన్నే అడిగింది. ఆవిడది మొండితనం కాదు, భయం. మాకూ భయమే, కాకపోతే ఆవిడ భయం ఒక దిక్కుకు లాగింది, మాది ఇంకో దిక్కుకు. ఆవిడ మా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున నెయ్యి వేసిన పప్పన్నం, సాయంత్రం సకినాలు, తల్లి చేతి వంట. వద్దనలేక ఆమె తినేది. అప్పుడే తులాల రెండో ముఖం చూశాం. ఆమె రోజూ దవాఖానాకు పోవడం మొదలుపెట్టింది. ఇవాళ ఇరవై తులాలు పెరిగింది, రేపు పది తగ్గింది, ఎల్లుండి ముప్పై పెరిగింది. కిలోల్లో అయితే ముల్లు కదలని సంగతులివి. తులాల్లో ప్రతి ముద్దా కనిపించేది, తాగిన చెంబెడు నీళ్ళు కూడా కనిపించేవి. చిన్న కొలతకు సంతోషం ఎంత పెద్దదో దిగులు కూడా అంతే పెద్దదని అక్క గ్రహించి, సోమవారం తప్ప కాంటా గదికి తాళం వేసుకునేది.

ఉబ్బు ఒక రాత్రి నొప్పి పెట్టి, అక్క వచ్చి పడుకోబెట్టి అదిమితే లోపలికి పోయింది. తెల్లారాక ఆమె తన తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది. అరవలేదు, ఏడవలేదు.

"అమ్మా, నాకు వొడిబియ్యం పోసి ఎన్నేండ్లయింది?"

పుట్టింటివాళ్ళు ఆడబిడ్డ వొడిలో పసుపు కలిపిన బియ్యం పోసి పంపే ఆ ఆచారం ఆవిడకు వేరే చెప్పాలా? పిల్ల పుట్టినప్పుడు పోసిందే, తొమ్మిదేళ్ళయిందని ఒప్పుకుంది. అయితే జాతరకు తూచే రోజు తరాజులోనే పొయ్యి, నేను ఎంత తగ్గితే అంత పొయ్యి, అప్పుడు తల్లికి తూకంలో తక్కువేముంది, అంది ఆమె. మా అత్తగారు లేచి పొయ్యి మీది నెయ్యిగిన్నె దించేసి, జొన్నపిండి ఎక్కడుందని నన్నడిగింది.

ఇక ఆపడం ఎవరి తరం? తల్లీకూతుళ్ళు కలిసి నడిచేవాళ్ళు, అక్క కలిసేది, ఎదురింటి పెద్దమ్మ కలిసేది. నాలుగు వందలు, ఐదు వందలు, ఏడు వందల తులాలు. లారీ డ్రైవర్లు కూడా కిటికీలోంచి తల పెట్టి నన్ను అడిగిపోయేవాళ్ళు.

జాతరకు ముందు బజారులో బెల్లం కొట్లవాళ్ళు పెద్ద తరాజులు కట్టారు. మేము వెళ్ళేసరికి మా వీధి మాకంటే ముందే అక్కడుంది. ఆ పొద్దున అక్క తూచిన లెక్క డెబ్బై మూడు, అంటే తొమ్మిది కిలోలు పోయాయి. సర్జను అడిగినదానికంటే వంద తులాలు ఎక్కువ. ఆమె తరాజు పళ్ళెంలో పద్మాసనం వేసుకుని కూర్చుంది, కొట్టాయన ముందుగా తూచిపెట్టిన తొమ్మిది కిలోల బియ్యానికి మా అత్తగారు పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పక్కన పెట్టి, దోసిళ్ళతో వొడిలో పోయడం మొదలుపెట్టింది. పోస్తూనే ఉంది. కొంగు నిండింది, మోకాళ్ళ మీదికి వచ్చింది, ఇంకా సంచిలో ఉన్నాయి. నవ్వుతున్నవాళ్ళంతా దగ్గరికి జరిగారు. తొమ్మిది అనే అంకె అందరికీ తెలుసు, తొమ్మిది వందలనే అంకె కూడా తెలుసు, అదెంతో అప్పటిదాకా ఎవరం చూడలేదు.

"గిదంత నామీదనే ఉండెనా?" అంది ఆమె, వొడిలోకి చూసుకుంటూ.

బెల్లం ముద్దలు ఒక్కొక్కటే ఎక్కాయి. చివరి చిన్న ముద్ద పెట్టగానే ఆమె పళ్ళెం నేల వదిలి లేచి, ఊగి, సరిగ్గా నిలిచింది. పెద్దమ్మ ఈల, బజారంతా చప్పట్లు, మా అమ్మాయి ఎగరడం, అత్తగారు రెండు చేతులూ జోడించి మేడారం దిక్కుకు తిరిగి నిలబడడం, అన్నీ ఒకేసారి. ఆమె బరువెత్తకూడదు కాబట్టి బియ్యం మూట అక్క ఎత్తుకుంది. ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ, వగరుస్తూ, వీధి వినేలా అంది:

"నీ కొవ్వు నేను మోస్తున్న చెల్లె, గుర్తుపెట్టుకో!"

సగం దారిలో మూటను నా సైకిల్ వెనక పెట్టుకున్నాను. నేను తోసుకుంటూ నడిచాను, ఆమె వెనకే ఆ మూటను చూస్తూ నడిచింది. బెల్లం జాతరకు పోయింది. బియ్యం వండి వీధంతా తిన్నాం. జాతర ప్రసాదం అక్క ముట్టదు, కానీ ఆ అన్నం మాత్రం రెండుసార్లు అడిగి పెట్టించుకుంది. ఎండలు ముదరకముందే ఆపరేషన్ అయింది, కుట్లు నిలిచాయి. ఆ తర్వాత ఆమె నాతో చాలా ఏళ్ళు ఉంది. పోయింది వేరే జబ్బుతో.

ఇప్పుడు నా కాంటా వంద గ్రాముల తేడా కూడా చెబుతుంది, తప్పు చెప్పదు. అక్క రిటైరై కూతురి దగ్గరికి పోయింది. మేమున్న క్వార్టర్లో వేరేవాళ్ళున్నారు. పోయిన నెల ఆ వైపు పని ఉండి సాయంత్రం పూట ఆ వీధి చివరిదాకా నడిచి వచ్చాను. నడిచేవాళ్ళు చాలామందే ఉన్నారు, చేతికి గడియారాలు పెట్టుకుని ఎవరి అంకె వాళ్ళు చూసుకుంటూ పోతున్నారు. గుమ్మాల్లోంచి ఎన్ని తులాలని ఎవరూ ఎవరినీ అడగడం లేదు.