బాలింతకు ఏసీ గాలి

ఎనభైల మొదట్లో నాయన ఒక పాత కారు కొన్నాడు. అంతకుముందు దాన్ని వాడినవాళ్లు మద్రాసులో ఏసీ బిగించుకున్నారు. డాష్‌బోర్డు కింద వేలాడే నల్లటి పెట్టె, దానికి రెండు నాబులు. ఒకటి ఫ్యానుకు, ఇంకొకటి చల్లదనానికి. మా ఊరు బంగారుపాళ్యం చుట్టుపక్కల అలాంటి కారు అప్పటికి మాదొక్కటే.

నాయనకు డ్రైవింగ్ రాదు. చిత్తూరులో టీచరుగా పనిచేస్తున్న నేనే నేర్చుకున్నాను. ఏసీ సంగతులు కూడా మెకానిక్‌ను విసిగించి మరీ తెలుసుకున్నాను. ఎండాకాలం రాకముందే పెట్టె లోపలి జాలీని పాత బ్రష్షుతో రుద్ది కడిగేదాన్ని. రేడియేటరు ముందర పురుగులూ మామిడి పూతా ఇరుక్కుంటే పైపుతో నీళ్లు పట్టేదాన్ని. గ్యాసు కారిపోకుండా చలికాలంలో కూడా అప్పుడప్పుడూ కాసేపు ఏసీ వేసి ఉంచేదాన్ని.

ఒక ఏడు మే నెల కత్తిరి ఎండల్లో చెల్లెలు తిరుపతి ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. ఇంటికి తీసుకురావడానికి నేనే కారు తీసినాను. ముందు సీట్లో నాయన, వెనక చెల్లెలు, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని అమ్మ.

నేను ఏసీ వేయగానే అమ్మ గొంతు లేచింది. "బాలింతకు సలిగాలి తగిలితే వాతం పడుతుంది. ఆపేయ్ మే!"

"ఈ ఎండకు బిడ్డ కమిలిపోతాది. బాగా సల్లగా పెట్టు," అన్నాడు నాయన.

ఇద్దరికీ సర్దిచెప్పి, చల్లదనం సగానికి పెట్టి, గాలి కప్పు వైపు పోయేలా రెక్కలు పైకి తిప్పినాను. అయినా అమ్మ తనవైపు అద్దం సగం దించేసింది. చంద్రగిరి దాటి లారీని తప్పిస్తుండగా, నాయన నాకు తెలియకుండా చల్లదనం నాబును కడదాకా తిప్పేశాడు.

కొంత దూరం పోయాక గాలి రావడం తగ్గి, చివరికి నిలిచిపోయింది. ఫ్యాను మోత మాత్రం వినిపిస్తూనే ఉంది. బిడ్డ గుక్కపట్టింది.

"సెడిపోయిందే! ఇప్పుడు యాడికి పోవాల?" నాయన కంగారుపడ్డాడు.

"సెడిపోలేదు నాయనా. లోపల మంచు గడ్డకట్టి గాలికి దారి మూసుకునింది. నాబును ఇట్ల కడదాకా తిప్పితే ఇంతే. అమ్మా, నువ్వు అద్దం ఎత్తు. బయట గాలిలో తేమంతా లోపలికొచ్చి మంచవుతా ఉండాది."

చెట్టు నీడన కారు ఆపి, ఇంజన్ ఆపకుండా చల్లదనం పూర్తిగా కట్టేసి, ఫ్యాను ఒక్కటే గట్టిగా పెట్టినాను. చెల్లెలు బిడ్డకు పాలు పట్టింది. కాసేపటికి కారు కిందనుంచి నీళ్లు ధారగా కారాయి. మళ్లీ గాలి తోసుకొచ్చింది. చల్లదనాన్ని సగం కంటే తక్కువలో పెట్టి బయలుదేరినాను.

అమ్మ బిడ్డ పాదాలు పట్టి చూసింది, తర్వాత చెల్లెలి నుదురు. ఇద్దరూ నిద్రపోతున్నారు.

"సరే, ఇట్లే ఉండనీ," అంది.

ఇంటి ముందు దిష్టి తీయడానికి ఎర్రనీళ్లతో ఎదురొచ్చిన పక్కింటి పెద్దమ్మ కారులోకి తొంగిచూసి, "పచ్చి బాలింతను ఈ సలిపెట్టెలో తెచ్చినారా?" అని బుగ్గలు నొక్కుకుంది.

"నా పెద్దబిడ్డ తెచ్చింది. ఎంత సలి పెట్టాలో దానికి తెలుసులే," అంటూ అమ్మ బిడ్డను ఎత్తుకుని దిగింది.