పిట్టకు పెట్టి లోపలికి పోవాలి

మొన్న పెత్రమాసకు, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, వారం ముందు, కరీంనగర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ సెల్లారులో, కార్ల సందుల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని అందరం సమావేశమయ్యాం. చర్చించవలసిన అంశం ఒక్కటే, పావురాలు. పావురాల తరఫున ఎవరూ హాజరు కాలేదు.

నవ్వులాటకు అంటున్నాను గానీ విషయం నవ్వులాట కాదు. రెండో అంతస్తులో ఉండే అమ్మాయి తన పసిదాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, "డాక్టరు పావురాల రెట్ట వల్లనే అన్నడు. మీరందరు పాపం పాపం అంటరు, దీని ఛాతిల గురగుర ఒక్కసారి చెవి పెట్టి వినుండ్రి" అన్నప్పుడు ఎవరూ చెవి పెట్టడానికి ముందుకు రాలేదు. వలలు కట్టిద్దామని ఒకరంటే, బిల్డింగు ముందు భాగం కోళ్లఫారంలా కనిపిస్తుందని మరొకరన్నారు. చివరికి మందు కలిపిన జొన్నల దగ్గరికి వచ్చి మాట ఆగింది. అప్పుడు సెక్రటరీ నా వైపు తిరిగి, "సార్, మీరు పెద్దలు, కాలేజీల జంతుశాస్త్రం చెప్పినోళ్లు. ఇంటి కాడ పరేషాన్ చేసే పిట్టలను సంపొచ్చునా, సంపొద్దా? మీరొక్క మాట చెప్పుండ్రి" అని అడిగాడు.

ఆ ఒక్క మాట నాకు తెలుసు. జంతుశాస్త్రం చదవకముందే, చిన్నప్పుడే తెలుసు. కానీ ఉద్యోగమంతా వెనక బెంచీల వాళ్లను నవ్వించి నెట్టుకొచ్చిన మనిషికి, నలుగురూ తన నోటి వైపు చూస్తుంటే, మనసులో ఉన్న మాటకన్నా ముందు నాలుక మీద ఉన్న మాటే వస్తుంది. "ముందు ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి చూడండి, వినకపోతే ఇక మీ ఇష్టం" అన్నాను. అందరూ నవ్వారు, ఆ పసిదాని తల్లి కూడా. నవ్వు చల్లారేసరికి నా మాటలో 'మీ ఇష్టం' అన్నది ఒక్కటే మిగిలింది. దాన్నే తీర్మానం చేసుకుని లేచిపోయారు.

ఇంట్లోకి వచ్చి కూర్చున్నాక మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు. సరిగ్గా చెప్పాలంటే, మా బాపు వీపు గుర్తొచ్చింది.

సుల్తానాబాద్‌లో మాది మగ్గాల వాడ. పొద్దున్నే వీధి పొడవునా నూలు దారాలను, అంటే పడుగును, సాపుగా పరిచి, గంజి పట్టించి ఆరబెట్టేవారు. గంజిలో మెతుకులుంటాయి కనుక కాకులు వచ్చేవి. వచ్చినవి మెతుకులు తిని ఊరుకుంటే గొడవే లేదు. మా ఇంటి ముందు వేపచెట్టు మీద గూడు కడుతున్న కాకి ఒకటి మాత్రం మెతుకుతో పాటు పోగునూ పట్టుకుపోయేది. తెగిన పోగును వెతికి అతకడం ఎంత ఓపిక పనో, ఆ పని తెలిసిన ఇళ్లలో పెరిగిన నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. బాపు దానికి తన భాషలో చాలా నచ్చజెప్పాడు. ఆ భాషను ఇక్కడ రాయలేను.

పిల్లలు పుట్టాక ఆ కాకి ఇంకా దుడుకుదైంది. ఒకరోజు చెట్టు కింద గంజి కుంచె కడుగుతున్న బాపు నడినెత్తి మీద కాళ్లతో తన్ని పోయింది. కాకి తల మీద తన్నితే మరణం తప్పదనీ, దానికి విరుగుడు చచ్చిపోయినట్టు అయినవాళ్లకు అబద్ధపు కబురు పంపించి వాళ్లచేత ఏడిపించడమేననీ మావైపు నమ్మకం. ఆ ఏడుపేదో వాళ్లు ముందే ఏడ్చేస్తే చావు అక్కడికి తీరిపోతుందట. లెక్క బాగానే ఉంది, ఏడ్చేవాళ్లను ముందుగా అడగరు, అంతే. కాగజ్‌నగర్‌లో కాగితం మిల్లులో పనిచేసే మామయ్యకిచ్చిన మా మేనత్తకు అటు పోయే మనిషితో కబురు పోయింది. ఆమె రైలంతా, ఆ తర్వాత బస్సంతా ఏడ్చి, వాడ మొదటినుంచి గుండెలు బాదుకుంటూ వచ్చి చూస్తే, బాపు మగ్గం గుంతలో కూర్చుని నేస్తూ ఉన్నాడు.

అత్త గుమ్మానికి ఆనుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, "బతికున్నోనికే గింత ఏడ్చిన, రేపు నిజంగ పోతే నా కాడ నీళ్లు మిగుల్తయా అన్నా?" అంది. వాడంతా నవ్వింది. బాపు నవ్వలేదు. చావుకు జంకలేదు గానీ వాడ నవ్వుకు జంకాడని నాకనిపిస్తుంది. మరునాడే పిట్టలను కొట్టే గులేరుకు కొత్త రబ్బరు కట్టాడు.

నాయినమ్మ, అంటే బాపును కన్నతల్లి, రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతూ ఒకే మాట చెప్పింది. "వద్దు కొడుకా. పిల్లలెగిరి పోయేదాక నెత్తికి రుమాలు కట్టుకో. రేపు నా మెతుకులు ముట్టేటిది గదే."

బాపు గురి మంచిది. ఒక్క దెబ్బకే పడింది. దాన్ని కాలితో వెదురు గడకు కట్టి పడుగు పక్కన నిలబెట్టాడు, మిగతావాటికి బుద్ధి రావాలని. ఊళ్లో కాకులన్నీ వచ్చి ఆ పూటంతా మా ఇంటి మీద అరిచాయి. బాపు కింద నిలబడి గులేరు ఆడిస్తూ ఉంటే, అవి ఆయన్ని బాగా చూసుకున్నాయి. ఆ తర్వాత రాలేదు. గూడును కూడా బాపే దింపాడు. అందులో ఏముందో చెప్పను. గూడు మాత్రం పుల్లల మధ్య మా ఎర్ర అంచు నూలుతో పొందిగ్గా అల్లి ఉంది. నాయినమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నీ కన్న మంచిగనే నేసింది" అని బాపు ఒళ్లో పెట్టింది.

ఆ వానల్లోనే ఆమె పోయింది.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, వాగొడ్డున విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని అర్థం, ముట్టేదాకా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. నాయినమ్మకు బువ్వ, మాంసం కూర, గారెలు, కల్లు, ఆకు వక్క పెట్టారు. అవతలి ఒడ్డున తుమ్మచెట్ల మీద కాకులు నిండుగా ఉన్నాయి. ఒక్కటీ కదలలేదు.

కోరిక ఏమై ఉంటుందోనని అందరూ తలా ఒక మాట ఇవ్వసాగారు. పాలోళ్లలో, అంటే దాయాదుల్లో, ఒకాయన అస్థికలు బాసర గోదావరిలో కలుపుతామన్నాడు. ముక్కుపుడక మనవరాలికే ఇస్తామన్నారు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఇకమీదట పోయిన తన అత్తగారిని ఎవరి ముందూ ఏమీ అననని చేతులు జోడించి చెప్పింది. ఆనాటి త్యాగాల్లో అదే పెద్దదని నా అభిప్రాయం. కాకులు దేనికీ కరగలేదు. బాపు నీళ్ల అంచుదాకా పోయి, రెండు చేతులూ చాచి, "కావ్ కావ్" అని పిలిచాడు. మగ్గం మీద తప్ప ఎక్కడా వంగని మనిషి వంగి పిలిచాడు. ఆయన పిలిచిన కొద్దీ అవి ఒక్కో చెట్టు వెనక్కి జరిగాయి. నేనింకా జంతుశాస్త్రం చదవలేదు గానీ, అవి ఎవరిని చూసి రావడం లేదో నాకూ అక్కడున్న అందరికీ అర్థమైంది.

అత్తే అంది. "అన్నా, నువ్వు జర గా రోడ్డు మీదికి పో."

"ఎందుకే?"

"పో అంటున్న గద."

బాపు భుజం మీది కండువా తల మీదికి లాక్కుని, వెనక్కి చూడకుండా గట్టు ఎక్కాడు. తల్లికి పిండం పెట్టిన కొడుకు, ఆమె అది అందుకునే వేళకు అక్కడ ఉండకుండా నడిచిపోతుంటే, ఆ వీపును చూస్తూ నిలబడడానికి నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన గట్టు దిగి కనుమరుగయ్యాడో లేదో, ఒక కాకి వచ్చి వాలింది.

నేనూ అత్తా కలిసి చెప్పడానికి పోయాం. ఆయన ఆగివున్న ఎడ్లబండి వెనక కూర్చుని ఉన్నాడు. "ముట్టింది అన్నా, రా, బువ్వ తిందువు" అంది అత్త.

"అవ్వ నన్ను చూసి రాలే గదనే" అన్నాడు బాపు.

"అవ్వకు నీ మీద కోపం లేదు. కాకికే ఉన్నది."

ఆ మాట ఓదార్పో, దెబ్బో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ప్రతి పెత్రమాసకూ బాపు గోడ మీద విస్తరి పెట్టి, లోపలికి వచ్చి తలుపు వేసుకునేవాడు. ముట్టిందా లేదా అని మా అవ్వ చూసి చెప్పాలి. అలా పిట్టకు పెట్టి లోపలికి పోవడం మా ఇంటి ఆచారమైంది. బాపు పోయాక నేనూ అదే చేస్తున్నాను, ఈ అపార్ట్‌మెంట్ డాబా మీద కూడా. ఇక్కడ కాకి కనిపించి ఏళ్లయింది. పావురాలే తినిపోయేవి, బాపు సర్దుకుంటాడులే అనుకునేవాణ్ని.

ఈసారి విస్తరి పట్టుకుని డాబా ఎక్కేసరికి నీళ్ల ట్యాంకు పక్కన, పిట్టగోడ వెంబడి, రేకు పళ్లాల్లో జొన్నలు పెట్టి ఉన్నాయి. చూడ్డానికి ఎవరో పుణ్యాత్ములు పెట్టినట్టే ఉన్నాయి. నేను నా విస్తరి కాస్త ఎడంగా పెట్టాను. వాచ్‌మన్ చీపురుతో వచ్చి, అలవాటైన మర్యాదతో అడిగాడు. "సార్, గిది మందు కలిపిందా, ఉత్తదా? ఊడ్చేటప్పుడు ఎరుకుండాలె."

ఉత్తదేనని చెప్పాను. వినడానికి నాకే నమ్మకంగా లేదు.

అప్పుడే ట్యాంకు మీద ఒక కాకి వాలింది. ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియదు. మెడ ఒక పక్కకు వంచి ముందు పళ్లాల వైపు, తర్వాత విస్తరి వైపు, తర్వాత నా వైపు చూసింది. ఆచారం ప్రకారం నేను లోపలికి పోవాలి. పోలేదు. కండువా తీసి గాలిలో ఊపాను. అది లేచి, చుట్టు తిరిగి మళ్లీ అక్కడే వాలింది. బాపును చూసి భయపడ్డ జాతి, నన్ను చూసి భయపడడం లేదు. నేనేం చేశానో దానికి తెలిసే వీలు లేదు. బాపు చంపినప్పుడు చంపింది ఎవరో ఊరికీ కాకులకూ తెలుసు, ఆయన ముఖం ఆయన దాచుకోవలసి వచ్చింది. ఇప్పుడు చంపేవాళ్లకు ముఖాలుండవు, తీర్మానం ఉంటుంది. పోగుతో అల్లిన గూడును చేతిలోకి తీసుకుని చూపించే నాయినమ్మ ఉండదు, గట్టు ఎక్కి అవతలికి పొమ్మనే చెల్లె ఉండదు.

పళ్లాలు తీసేయమని నేనంటే, వాచ్‌మన్ సెక్రటరీని అడిగి వస్తానని కిందికి పోయాడు. నేను ఎండలో అక్కడే నిలబడి, రమ్మని మా బాపు చేతులు చాచి వేడుకున్న పిట్టను, రావద్దని కండువాతో అదిలిస్తూ ఉన్నాను.