శనివారం వేసుకున్న శుక్రవారపు గోలీ

2024 జూన్ 15, శనివారం, పొద్దున ఏడుంబావుకు బెండ తోటలో పడిపోయాను. అప్పటిదాకా వంగి కాయలు కోస్తున్నాను. లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మాయి. గట్టు మీది రాయికి తగిలి కుడి మణికట్టు విరిగింది, కళ్లద్దాలు పగిలాయి. మాది మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్. కోడలు నన్ను షేరు ఆటోలో చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ చెయ్యి కంటే ముందు బీపీ చూసింది. బాగా పడిపోయి ఉన్నదట.

"అవ్వా, పొద్దున బీపీ గోలీ ఏసుకున్నవా?"

"రెండు ఏసుకున్న."

"రెండెందుకు?"

"నిన్న శుక్రవారం, ఉపాస ప్రార్థన. పొద్దుమూకేదాంక నోట్ల ఏం పెట్టను. ఆ గోలీ ఇయాల కలిపి ఏసుకున్న. నెలాఖరుకు లెక్క సరిపోవాలె గద."

కోడలు నెత్తి కొట్టుకుంది. "అంగన్‌వాడీల గుడ్ల లెక్క అనుకుంటున్నది మేడం."

ఆమె మాటలో అబద్ధం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేశాను. నా రిజిస్టరులో ఏ నెలా ఒక్క గుడ్డు తేడా రాలేదు. నెలకు ముప్ఫై గోలీలిస్తే నెలాఖరుకు ఒక్కటీ మిగలకూడదనుకున్నాను. మార్చి 25న మందు మొదలుపెట్టాను. అప్పటినుంచి పన్నెండు శుక్రవారాలు మానేసి, పన్నెండు శనివారాలు రెండేసి మింగాను. శనివారం శనివారం తల తిరిగితే ఎండ అనుకున్నాను.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మర్చిపోతే, యాదికొచ్చినప్పుడు ఒక్కటే ఏసుకో. తెల్లారి గోలీ యాళ్ల దగ్గర పడ్డదా, పోయింది పోనియ్యి. రెండు మాత్రం ఎన్నడు కలపకు. మంచిగనే ఉన్న అని బంద్ గూడ చెయ్యకు. వంగినంక జర ఆగి లెవ్వు."

"మరి మిగిలిన గోలీ?"

"మిగలనియ్యవ్వా. మిగిల్తే నాకు తెచ్చి చూపెట్టు."

ఇంటికి రాగానే కోడలు గోలీల డబ్బా తన బీరువాలో పెట్టుకుంది. "ఇగ నేనే ఇస్త అత్తా, రోజుకొక్కటి."

"చిన్నపిల్లకిచ్చినట్టా?"

"చిన్నపిల్లలు నయం. ఇచ్చినంతే తింటరు."

చెయ్యి సిమెంటు కట్టులో ఉంది గనుక సరే అన్నాను. కానీ ఆ డబ్బా నా చేతికి తిరిగి రావాలని ఆ పూటే గట్టిగా అనుకున్నాను. నా మందు నేను వేసుకోలేనంటే రేపు ఆటో ఎక్కనివ్వరు, ఎల్లుండి తోటకు పోనివ్వరు.

ముందు శుక్రవారం సంగతి తేల్చుకోవాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారిని అడిగాను. "గోలీకి గుక్కెడు నీళ్లు తాగితే ఉపాసం పోతదా?"

ఆయన నవ్వాడు. "శుక్రవారం గూడ నేను బీపీ గోలీ ఏసుకునే వాక్యం చెప్తనమ్మా. ఇన్ని దినాలు అడగకపోతివి."

అడగలేదు. నియమం నాకు తెలుసుననుకున్నాను.

జూలై 27న కట్టు విప్పారు. కోడలు డబ్బా ఇచ్చింది, ఒక షరతు మీద. "మళ్ల లెక్క సరిజేసినవో, బీరువలకే."

ఆగస్టు 8, గురువారం, జన్వాడలో మా చుట్టాల ఇంట్లో చావు జరిగితే తెల్లవారుజామునే పోయాను. డబ్బా ఇంట్లోనే ఉండిపోయింది, నేను తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున ఏడింటికి డబ్బాలోంచి గోలీల షీటు తీస్తే ఒక గోలీ ఎక్కువ కనబడింది. శుక్రవారం. ఉపవాసం కూడా. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. రెండోదాని మీద బొటనవేలు కాసేపు అలాగే ఉంది. గడపలో కోడలు నిలబడి చూస్తోంది.

"నిన్న తప్పింది గదా అత్తా?"

"తప్పింది."

"మరి?"

"తప్పిందని రాస్త."

ఒక్కటే గుక్కెడు నీళ్లతో మింగి, నోటు పుస్తకంలో ఎడమ చేత్తో రాశాను: ఆగస్టు 8, వేసుకోలేదు, మిగులు 1. కోడలు డబ్బా ముట్టుకోలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లోపలికి పోయింది. ఆ నెల మిగిలిన గోలీని చేవెళ్ల తీసుకుపోయి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను.

పోయినవి ఇవి. కట్టులో నలభై రెండు రోజులు. కళ్లద్దాలు ఒక జత. కోసే చెయ్యి లేక ముదిరిపోయిన బెండ, పద్నాలుగు సాళ్లు. కుడి మణికట్టు పూర్తిగా వంగడం. ఆ చేత్తో నిండు బిందె ఎత్తడం.